కుక్షి, లక్షణం: ఆంధ్రదేశ అశ్వశాస్త్ర చరిత్రలో గుర్రపు మేత, ఉదరరోగాలు

నాగావళి, వంశధార నదుల నడుమనున్న ఆమదాలవలస ప్రాంతం చరిత్రలో ఏనుగుల సీమకు చెందినది. వంశధార తీరాన ఉన్న ముఖలింగం తూర్పుగాంగుల కళింగనగరమని చరిత్రకారులు గుర్తించారు. ఆ తరువాత ఈ నేలను ఏలిన కటకపు రాజులు గజపతులయ్యారు. అశ్వపతి, నరపతి, గజపతి అనే మూడు సింహాసనాల భావన మధ్యయుగాంత తెలుగు రచనల్లో స్థిరపడింది. ‘రాయవాచకం’లోనూ అది కనిపిస్తుంది. బిరుదుల వెనుక భూగోళం ఉంది. కౌటిల్యుని ‘అర్థశాస్త్రం’ కళింగ, అంగ దేశాల ఏనుగులను శ్రేష్ఠమైనవిగా పేర్కొంటుంది. అదే గ్రంథం ఉత్తమాశ్వాల పుట్టినిళ్లుగా కాంభోజ, సింధు, ఆరట్ట, వనాయు దేశాలను చెప్పింది. వనాయువు అరబ్బు దేశమని పలువురి అభిప్రాయం. ఆ జాబితాలో దక్షిణాది దేశమొక్కటీ లేదు. ఏనుగు ఇక్కడి అడవిలో పుట్టి ఇక్కడి ఆకునే తిన్నది. మేలుజాతి గుర్రం సముద్రం దాటి వచ్చిన అతిథి. ఆ అతిథికి ఏమి పెట్టాలి, ఏమి పెడితే కడుపు చెడుతుంది అన్నది తెలుగు రాజ్యాల ఖజానాను కుదిపిన ప్రశ్న.

తెలుగు సాహిత్య చరిత్రలలో అశ్వశాస్త్ర ప్రస్తావన వచ్చినప్పుడు విజయనగర యుగానికి చెందిన మనుమంచిభట్టు ‘హయలక్షణ విలాసం’ పేరు చెప్పి ముందుకు సాగడం పరిపాటి. ఆ కృతి పేరులోనే ‘లక్షణం’ ఉంది. వరాహమిహిరుని ‘బృహత్సంహిత’ మొదలు సంస్కృతంలో ఈ శాఖ ప్రధానంగా సుడులను, రంగులను, దంతాలను చూసి శుభాశుభాలు నిర్ణయించే విద్యగా ప్రసిద్ధి పొందింది. అది కొనుగోలుదారుకు అవసరమైన విద్య. కొన్న తరువాత గుర్రాన్ని బతికించుకోవడానికి కావలసినది చికిత్స. శాలిహోత్రుని పేర వెలసిన సంప్రదాయంలోనూ, నకులుని పేర ప్రచారంలో ఉన్న ‘అశ్వచికిత్సితం’లోనూ, జయదత్తుని ‘అశ్వవైద్యకం’లోనూ ఈ రెండవ శాఖ విస్తారంగా ఉంది. అగ్నిపురాణం కూడా గుర్రపు స్వారీకి, చికిత్సకు, శాంతికి వేర్వేరు అధ్యాయాలు కేటాయించింది. అయినా సాహిత్య పరిశోధన దృష్టి లక్షణం వద్దే ఆగిపోయింది. సుడులు వర్ణనకు అందుతాయి, ఉబ్బిన కడుపు అందదు. కారణం బహుశా ఇంతకంటే గంభీరమైనది కాకపోవచ్చు.

కుక్షిని విడిచి గుర్రపు చరిత్ర రాయడం మాత్రం కష్టం. గుర్రానికి ప్రాణాంతకమైన వ్యాధులలో ఉదరశూలది మొదటి వరుస. దాని శరీర నిర్మాణమే అటువంటిది. అంత పెద్ద దేహంలో జీర్ణకోశం పట్టేది ఎనిమిది నుంచి పదిహేను లీటర్లే. అన్నవాహిక జీర్ణకోశంలో కలిసేచోట ఉన్న కండర ద్వారం ఎంత బిగువుగా ఉంటుందంటే గుర్రం దాదాపు వాంతి చేసుకోలేదు. తిన్నది పులిసి వాయువు పుట్టినా, అతిగా మేసినా పైకి వెళ్లే దారి లేక ఒక్కొక్కప్పుడు జీర్ణకోశం పగిలిపోతుంది. జీర్ణకోశపు పైభాగంలో గ్రంథులు లేని పొర ఉంటుంది. దానికి ఆమ్లం నుంచి రక్షణ తక్కువ. ఆమ్లమేమో మేత ఉన్నా లేకున్నా నిరంతరం ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లానికి విరుగుడైన లాలాజలం నమిలేటప్పుడు మాత్రమే వస్తుంది. రోజులో ఎక్కువ భాగం గడ్డి కొరుకుతూ తిరిగే ప్రాణికి ఈ ఏర్పాటు సరిగ్గా సరిపోతుంది. దానిని కట్టివేసి రెండు పూటలా ధాన్యం పెడితే ఇదే ఏర్పాటు శత్రువవుతుంది. పైపొర పుండ్లు పడుతుంది. గుర్రాలలో జీర్ణకోశ వ్రణాలకు 1999లో పశువైద్యులు ఉమ్మడి నామం ఒకటి ప్రతిపాదించారు. పందెపు గుర్రాలలో అధికభాగం వీటితో బాధపడుతున్నట్టు అధ్యయనాలు పదేపదే తేల్చాయి. అన్నవాహికది మరో కథ. ఆకలిమీద పొడి ధాన్యాన్ని నమలకుండా మింగిన గుర్రానికి మేత గొంతు దిగువన అడ్డుపడుతుంది. అప్పుడు లాలాజలంతో కలిసిన మేత ముక్కు రంధ్రాల నుంచి కారుతుంది. ధాన్యాన్ని నానబెట్టడమో ఉడికించడమో దీనికి సులభమైన నివారణ.

విధాపాచకుడు

ఈ నేపథ్యంతో ‘అర్థశాస్త్రం’ రెండవ అధికరణంలోని అశ్వాధ్యక్ష ప్రకరణాన్ని చదివితే కొత్త సంగతులు బయటపడతాయి. ఉత్తమాశ్వానికి రోజుకు రెండు ద్రోణాల ధాన్యం (వరి, యవలు, ప్రియంగువు వంటివి) సగం ఆరినదిగానో సగం ఉడికినదిగానో పెట్టాలి. లేదా పెసలు, మినుములు ఉడికించి పెట్టాలి. దానితో ఒక ప్రస్థం నేయి లేక నూనె, ఐదు పలాల ఉప్పు, యాభై పలాల మాంసం ఇవ్వాలి. ముద్దలు తడపడానికి ఒక ఆఢకం రసమో దానికి రెట్టింపు పెరుగో వాడాలి. మీదట తాగడానికి సురగానీ రెట్టింపు పాలుగానీ ఇవ్వాలి. దూరప్రయాణంతో అలసిన గుర్రానికి అనువాసన వస్తికి ఒక ప్రస్థం స్నేహద్రవ్యం ప్రత్యేకంగా కేటాయించారు. పచ్చిమేత అర్ధభారం, గడ్డి దానికి రెట్టింపు.

ఇందులో గమనించవలసినవి మూడు. మొదటిది తడి: పిండం పొడిగా గొంతు దిగకూడదన్న జాగ్రత్త కౌటిల్యుని లెక్కలో స్పష్టంగా ఉంది. రెండవది గడ్డి: ధాన్యం ఎంత వివరంగా చెప్పినా పచ్చిమేతను, గడ్డిని విడిచిపెట్టలేదు. మూడవది మనుషులు. గుర్రపుసాలలో పనిచేసేవారి పట్టికలో మేత వండే విధాపాచకుడు ప్రత్యేకోద్యోగి. శరీరపు తరుగు పెరుగులకు ప్రతీకారం చేయడం, ఋతువును బట్టి ఆహారం మార్చడం చికిత్సకుల విధి. వైద్యలోపం వల్ల వ్యాధి పెరిగితే చికిత్సవ్యయానికి రెట్టింపు దండుగ, వారి అపరాధం వల్ల గుర్రం పాడైతే దాని వెల దండుగ. ప్రాచీన భారతంలో గుర్రాల ఆహారం గురించి ఏమీ తెలియదన్న మాట ఈ ప్రకరణం ముందు నిలవదు.

ఆ మాట అన్నవాడు మార్కోపోలో. పదమూడవ శతాబ్ది చివరలో కోరమండల తీరానికి వచ్చిన ఈ వెనిస్ యాత్రికుడు మాబరు, అంటే పాండ్యదేశపు తీరం గురించి రాస్తూ అక్కడి రాజు ఏటా రెండువేలకు పైగా గుర్రాలు కొంటాడనీ, అతని సోదరులూ అలాగే కొంటారనీ, ఏడాది తిరిగేసరికి ఒక్కొక్కరి వద్ద నూరు కూడా మిగలవనీ అంటాడు. గుర్రాలకు వరితో ఉడికించిన మాంసం పెడతారని ఆశ్చర్యపోతాడు. అశ్వవైద్యులు లేకపోవడమే చావులకు కారణమని తేల్చి, హొర్ముజు, కైస్, ఏడెన్ మొదలైన రేవుల వర్తకులు తమ సరుకు గిరాకీ తగ్గకుండా వైద్యులను ఇటు రానివ్వరని కూడా ఆరోపిస్తాడు. దీని తరువాత అతని గ్రంథం మాబరు నుంచి ముత్‌ఫిలికి, అంటే మోటుపల్లికి, కాకతీయ రుద్రమదేవి రాజ్యానికి మళ్లుతుంది. అక్కడ వజ్రాలనూ నేత బట్టలనూ పొగిడాడుగాని గుర్రాల ఊసెత్తలేదు. కాబట్టి మాబరు మాటను తెలుగు నేలకు నేరుగా అంటగట్టరాదు. అయితే మోటుపల్లి రేవుకూ గుర్రానికీ సంబంధం లేదనలేము. 1244-45 నాటి గణపతిదేవుని అభయశాసనం పూర్వరాజులు తుపానుకు ఒడ్డున పడిన ఓడల నుంచి బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలాత్కారంగా లాక్కునేవారని చెప్పి, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోమని వర్తకులకు అభయమిచ్చింది.

మార్కోపోలో కంటే కొద్ది కాలం తరువాతివాడైన పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ వివరణ మరింత ఉపయోగకరమైనది. దిగుమతైన గుర్రాలకు పచ్చి యవలకు బదులు వేయించిన యవలు, వెన్న కలిపిన ధాన్యం, తాగడానికి కాచిన ఆవుపాలు ఇస్తారని అతని ఫిర్యాదు. నలభై రోజులు కొట్టంలో మేకులకు తాళ్లతో కట్టి బలిపిస్తారనీ, ఆపైన శిక్షణ లేకుండానే దయ్యాల్లా స్వారీ చేస్తారనీ, కొద్దికాలంలోనే మెరికల వంటి గుర్రాలు నీరసించి పనికిరాకుండా పోతాయనీ అంటాడు.

ఈ ఫిర్యాదును అంశాలవారీగా విడదీస్తే, విచిత్రంగా, వస్సాఫ్ నవ్విన విషయాలలో కొన్ని సరైనవే. యవలకు వేడి తగిలితే వాటిలోని పిండిపదార్థం చిన్నపేగులోనే ఎక్కువగా జీర్ణమవుతుంది. పచ్చిగా వేస్తే మిగిలినది పెద్దపేగుకు చేరి పులుస్తుంది, శూలకు అదొక ముఖ్యకారణం. నెయ్యి, వెన్న మాటా అంతే. గుర్రానికి పిత్తాశయం లేకపోయినా పైత్యరసం నిరంతరం స్రవిస్తూ ఉండటం వల్ల కొవ్వును అది బాగానే జీర్ణించుకుంటుంది. పాల విషయంలో పారశీకుని సందేహం సమంజసమే. ప్రాయం వచ్చిన గుర్రానికి పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి సన్నగిల్లుతుంది. అసలు దోషం అతను ఆహారం తరువాత చెప్పిన వాక్యంలో ఉంది. నలభై రోజుల కట్టుబాటు, కదలిక లేని దేహం, దట్టమైన తిండి, ఆ వెంటనే అకస్మాత్తుగా కఠినమైన స్వారీ: జీర్ణకోశ వ్రణానికీ శూలకూ ఇంతకంటే అనుకూలమైన పరిస్థితులను ఈనాటి పశువైద్యుడు కూడా ఊహించలేడు. వండటం కాదు, కట్టడమే చంపింది. ఓడలో వారాల తరబడి కదలక నిలబడి వచ్చిన ప్రాణికి నేలమీద మరో ఓడ సిద్ధమైందన్నమాట. కౌటిల్యుడు ధాన్యానికి పక్కనే రాసిన గడ్డి, పచ్చిమేత వస్సాఫ్ వర్ణనలో కనిపించవు. ఆయన చూడలేదో, అవి నిజంగా లేవో చెప్పలేముగాని శాస్త్రం ఒకవైపు, సైన్యపు తొందర మరొకవైపు ఉన్నాయని అనుకోవడానికి ఆధారం ఉంది.

దామగ్రంథి శతాబ్దం

మోటుపల్లి శాసనం వేయించిన శతాబ్దంలోనే, గుర్రాల రాకపోకలున్న తీరానికి దూరం కాని నెల్లూరులో తిక్కన విరాటపర్వం రచించాడు. అందులో విరాటుని కొలువుకు అశ్వశిక్షకుడుగా వచ్చిన నకులుని పేరు దామగ్రంథి. దామమంటే పలుపు, గ్రంథి అంటే ముడి. గుర్రపుసాల ఉద్యోగికి కట్టుతాటి ముడి పేరయింది. సంస్కృత మూలంలో నకులుడు తనకు గుర్రాల ప్రకృతి, శిక్షణ, దుష్టాశ్వాలను దారికి తెచ్చే ఉపాయంతోపాటు సమస్త చికిత్స కూడా తెలుసునని చెప్పుకుంటాడు. రాజకుమారుడు వేషం మార్చుకుని చేయదగిన గౌరవమైన కొలువుగా అశ్వవైద్యం ఇక్కడ కనిపిస్తుంది. అశ్వశాస్త్ర గ్రంథమొకటి నకులుని పేర వెలియడానికి ఈ ఘట్టమే బీజం కావచ్చు. కాకతీయ శాసనాలలో ‘సాహిణి’ అనే ఉద్యోగనామం ఉంది. గణపతిదేవుని కొలువులో గజసాహిణి అయిన జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ కర్త. గజశాల అధికారి నాట్యశాస్త్రకర్త కాగలిగిన ఆ వాతావరణంలో సాలలోని విద్యకూ సభలోని విద్యకూ మధ్య ఈనాడు ఊహించుకునేంత గోడ ఉండేదని అనుకోనక్కరలేదు.

విజయనగర యుగంలో గుర్రపు వెల, చావు రెండూ బాగా పెరిగాయి. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ కథనం ప్రకారం సాళువ నరసింహుడు హొర్ముజు, ఏడెన్‌ల నుంచి గుర్రాలు రప్పించి, వేయి పర్దావులకు మూడు చొప్పున, బతికి వచ్చినా చచ్చి వచ్చినా సొమ్ము చెల్లించేవాడు. దారిలో చచ్చిన గుర్రపు తోక మాత్రం తెచ్చి చూపితే చాలు. ఈ ఒక్క వివరం నాటి అశ్వవైద్య చరిత్రకు ఎన్నో పుటలతో సమానం. రాజు నష్టభారమంతా తన నెత్తిన వేసుకున్నాడు కనుక సముద్రయానంలో గుర్రపు కడుపు కాపాడవలసిన అవసరం వర్తకునికి లేకుండా పోయింది. మార్కోపోలో వర్తకుల మీద మోపిన నేరం నిజమో కాదో తెలియదుగాని, తోకకు వెల కట్టిన ఈ ఏర్పాటు మాత్రం అటువంటి నిర్లక్ష్యానికి తలుపులు తెరిచింది. పిల్లలమర్రి పినవీరభద్రుడు తన ‘జైమినీ భారతం’ అంకితమిచ్చినది ఈ సాళువ నరసింహునికే. ఆ కావ్యం ఆద్యంతం అశ్వమేధపు గుర్రం వెంట నడుస్తుంది. తోకల లెక్క చూసుకునే రాజు యాగాశ్వ కథకు కృతిపతి కావడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని ఆ సభలో గుర్రం ఎంత బరువైన మాటో ఊహించడానికి ఇది పనికివస్తుంది.

కృష్ణదేవరాయలు ఏటా పదమూడువేల గుర్రాలు కొనేవాడని నూనిజ్ రాశాడు. సంఖ్యలో కొంత అతిశయోక్తి ఉండవచ్చు. ‘ఆముక్తమాల్యద’ నాలుగవ ఆశ్వాసంలోని రాజనీతి భాగంలో, దూరద్వీపాల నుంచి ఏనుగులను, మేలుజాతి గుర్రాలను తెచ్చే వర్తకులను మంచి వెల, కానుకలు, దర్శనంతో ఆదరించి అవి శత్రువులకు చేరకుండా చూసుకోవాలన్న హితవు ఉంది. గుర్రం తెచ్చేవానిని నిలుపుకోవడమే అక్కడి చింత. తెచ్చిన గుర్రాన్ని నిలుపుకోవడం గురించి ఆ పద్యం మాట్లాడదు. 1516లో రాయల సేన గజపతి మీద కళింగ దండయాత్రలో సింహాచలం వరకు వచ్చింది. నరపతి గుర్రాలు గజపతి నేలమీద, ఈ ఉత్తరాంధ్ర తేమగాలిలో ఏమి మేసి నడిచాయన్నది విజయగాథలు పట్టించుకోని సంగతి.

ఉలవ, దాణా, ఆముదం

పట్టించుకున్నది భాష. గుర్రానికి సంబంధించిన తెలుగు పదజాలాన్ని వరుసగా పేర్చితే మూడు పొరలు తేటగా కనిపిస్తాయి. రోగనామాలు (శూల, ఆనాహం, అజీర్ణం) సంస్కృతం. స్వారీ సామగ్రి (జీను, లగాము, రికాబు) పారశీకం. శ్రీకాకుళంలో కుతుబ్‌షాహీల కాలం నుంచి ఫౌజుదారుల కొలువు ఉన్నందువల్ల ఈ రెండవ పొర ఉత్తరాంధ్రకు కూడా గాఢంగా అంటింది. ‘దాణా’ కూడా ఆ దారినే వచ్చింది. కాని ఆ దాణాలో ఏముంది అన్నప్పుడు మాట తెలుగవుతుంది: ఉలవ, గుగ్గిళ్లు, తవుడు, చిట్టు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత పోషణభారం మీద జనం వేసిన విసురు. వైద్యుడు సంస్కృతంలోనూ సవారు పారశీకంలోనూ మాట్లాడారనుకుంటే, మేత వండినవాడు తెలుగులో మాట్లాడాడు. కౌటిల్యుని విధాపాచకునికి వారసుడు అతడే. అతని పేరు ఏ గ్రంథంలోనూ లేదు.

ఆ వంటవాని విద్యకు ఉలవ మంచి ఉదాహరణ. పచ్చి ఉలవలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డగించే పదార్థాలున్నాయి, ఉడికిస్తే అవి తగ్గుతాయి. ఉడికి మెత్తబడిన గుగ్గిళ్లు అన్నవాహికలో అడ్డుపడే ప్రమాదం కూడా తక్కువ. ఉడికించిన నీరు మనుషులకు ఉలవచారు, గింజ పశువులకు దాణా. ఈ పంపకంలో పొదుపే కాక కొట్టంలో తరతరాల పరిశీలన ఉంది. ఆంగ్లేయులు ఈ గింజను గుర్రపు గింజ అనే అర్థంలోనే పిలిచారు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆస్ట్రేలియా న్యూసౌత్‌వేల్స్ నుంచి మద్రాసుకు ఓడలలో వచ్చిన ‘వేలర్’ గుర్రాలు హొర్ముజు చరిత్రకు రెండవ అధ్యాయం. బ్రిటిష్ సైన్యంలో దేశీయ అశ్వవైద్యుని ‘సాలోత్రి’ అనేవారు. శాలిహోత్ర మహర్షి పేరు పారశీకం మీదుగా, హిందూస్థానీ మీదుగా చివరికి ఒక చిన్న ఉద్యోగపు పేరుగా మిగిలింది. ఋషి సాలోత్రి అయ్యేనాటికి శాస్త్రానికీ కొట్టానికీ ఉన్న దూరం చాలావరకు చెరిగింది. పండితులు దానిని పతనమని అనవచ్చు.

ఇక ఆముదం. ఆమదాలవలస అన్న ఊరిపేరులో వినిపించేది ఆ మొక్కే. ఆయుర్వేదంలో ఏరండతైలం వాతానికి, శూలకు, మలబంధానికి ప్రసిద్ధమైన మందు. మనిషికి చెప్పిన మందును గుర్రానికి మోతాదు పెంచి వాడటం అశ్వవైద్యంలో సాధారణం. పెట్టే చేతికి సులభంగా దొరికే మందు కూడా అదే. అయితే ఇదే మొక్క గింజ గుర్రానికి విషం. పెంపుడు జంతువులలో ఆముదపు గింజ విషానికి అతి త్వరగా లొంగేది గుర్రమే. కొద్దిపాటి గింజలు మేతలో కలిసినా తీవ్రమైన కడుపునొప్పి, విరేచనాలు, చివరికి మరణం సంభవిస్తాయి. విషం గింజలోనూ, గానుగ ఆడించగా మిగిలిన పిండిలోనూ ఉంటుంది, సరిగ్గా తీసిన నూనెలోకి అది రాదు. ఆంధ్రదేశంలో ఆముదపు పిండిని పొలానికి ఎరువుగా వేయడమేగాని పశువుల తొట్టిలో వేయకపోవడం ఈ భేదం రైతుకు తెలుసుననడానికి సాక్ష్యం. నూనె అయితే మందు, గింజ అయితే మిత్తి. రసాయనశాస్త్రం విషానికి పేరు పెట్టకముందే ఈ గీత ఇక్కడ గీసి ఉంది.

తెలుగు అశ్వశాస్త్ర ప్రతులను, రాజాస్థానాల లెక్కల కవిలెలను, పల్లెల పశువైద్యపు చిట్కాల పుస్తకాలను ఈ దృష్టితో చదవవలసి ఉంది. వాటిలో ‘ఆముదము’ అని కనిపించినచోట అది తైలమా, గింజా, పిండా అన్నది పరిష్కర్త నిర్ణయించి అర్థతాత్పర్యాలలో చెప్పాలి. ‘ఉలవలు’ అన్నచోట పచ్చివా, ఉడికినవా, నానినవా అని అడగాలి. ‘శూల’ అన్నచోట దాని ముందు గుర్రం ఏమి తిన్నదో, ఎన్ని రోజులు కట్టి ఉన్నదో చెప్పే వాక్యం ఉందేమో వెదకాలి. సుడి ఎక్కడ ఉందో చెప్పే పద్యానికి ఇప్పటికే టీకాతాత్పర్యాలున్నాయి. ముద్ద ఎంత తడిగా ఉండాలో చెప్పే పద్యానికి కూడా అటువంటి టీక రావాలి.